చెంబు నీళ్ల వేళ

జ్ఞానమణి గడప మీద కూర్చుని బూడిదతో ఇత్తడి చెంబు తోముతోంది. తన ముఖం అందులో కనిపించేదాకా తోమితే గానీ ఆమెకు తృప్తి ఉండదు. వాకిట్లో దొర ముందుకాళ్ల మీద తల ఆనించి ఆమె చేతుల్నే చూస్తోంది.

దొర అంటే కుక్క. బొగ్గులాంటి నలుపు. ఊరికే అందరినీ గద్దిస్తుందని, టపా మోసే దాసన్న దానికి ఆ పేరు పెట్టాడు. దాసన్న పోయి రెండేళ్లయింది. ఇప్పుడు టపా సంచీ, గజ్జెల కర్రా, దొరా అతని కొడుకు లేవికి మిగిలాయి. అతనికి మరెవరూ లేరు.

కోడుమూరు రస్తాలో ఊరికి చివరి ఇల్లు జ్ఞానమణి వాళ్లది. టపా మనిషి దారిలో ఆగకూడదు. అందుకే గజ్జెల చప్పుడు దగ్గరపడే వేళకు ఆ ఇంటి ఆడవాళ్లు చెంబుతో రస్తా పక్కన నిలబడతారు. అతను చెంబు అందుకుని, నడుస్తూనే తాగి, ముందున్న బండ మీద పెట్టి పరుగెత్తుతాడు. జ్ఞానమణి వాళ్ల వాకిట్లోనే సంగటి తిని పడుండే దొర, అక్కడి నుంచి వంక దాకా, అంటే ఊరవతలి వాగు దాకా, అతని వెంట పోతుంది. వంక దగ్గర ఇంకో మనిషి సంచి అందుకుంటాడు.

ఇరవై ఏళ్లు ఆ నీళ్లు ఇచ్చింది జ్ఞానమణి అవ్వ విశ్వాసమ్మ. ఒక ఎండాకాలం అవ్వ జ్వరంతో పడిపోయింది. ఆ సాయంత్రం చెంబు బయటికి రాలేదు. దాసన్న ఎండిన గొంతుతోనే ఇల్లు దాటిపోయి, వంక దగ్గర కూలిపోయాడు. దొర ఒక్కటే తిరిగొచ్చింది. జ్వరం తగ్గాక అవ్వకు చెవులు పూర్తిగా పోయాయి. మళ్లీ ఆమె చెంబు ముట్టుకోలేదు. అప్పటినుంచి చెంబు జ్ఞానమణిది.

నెల కిందట రైలు వేళలు మారాయి. దానితో టపా సందెవేళ నుంచి తెల్లవారుజాముకు జరిగింది. లేవి మారాడు. చీకట్లో అతనికి నీళ్లు జ్ఞానమణి అమ్మ వేరే ముంతతో ఇస్తోంది. దొర మారలేదు.

పొద్దు వంగింది. జ్ఞానమణి నీళ్లు ముంచుకుని రస్తా పక్కకు వచ్చింది. దొర లేచి తోక ఊపింది. రస్తా మీద ఎర్రటి దుమ్ము తప్ప ఏమీ లేదు. అయినా అది తల పైకెత్తి, దగ్గరికొస్తున్న మనిషి ముఖం చూస్తున్నట్టు చూసింది. కనిపించని కాళ్ల చుట్టూ ఒకసారి తిరిగింది. తర్వాత, కుడిపక్క ఒక మనిషి పట్టేంత చోటు వదిలి, వంక వైపు పరుగు తీసింది.

జ్ఞానమణి దుమ్ములోకి వంగి చూసింది. కుక్క అడుగులే ఉన్నాయి.

"దొరగారు బయల్దేరినారా పాపా?" తలారి పెద్ద ఈరన్న కర్ర పట్టుకుని వెనక నిలబడ్డాడు.

"యాడికి పోతాందో ఏమో మామా."

"యాడికేంది, దాసన్నతోనే. సందకాడ బాయికి పోవల్లంటే ఆడోళ్లు వణికిపోతాండారు. ఆదివారం లోపల దీన్ని కొట్టేయమని రెడ్డి నా మెడకేసినాడు."

"అదేం చేసింది మామా? ఎవుర్నీ కరవల్యా కదా."

"కరిచే కుక్కనయితే అదిలిస్తాం. ల్యానోన్ని చూసి తోక ఊపే కుక్కను ఏం చెయ్యల్ల?"

జ్ఞానమణికి ఆ రాత్రి సంగటి దిగలేదు. దొర పోతే లేవికి తనదని చెప్పుకునే ప్రాణమే ఉండదు.

శుక్రవారం అమ్మ రాహేలమ్మ చొప్ప తెమ్మని చేనికి పంపింది. జ్ఞానమణి తిరిగొచ్చేసరికి మసక చీకటి పడింది. దొర వాకిట్లోనే ఉంది. దాని వేళ దాటిపోయినా కదల్లేదు.

ఆమె చేతులు కడుక్కుని గూట్లోంచి చెంబు తీసింది. దొర లేచింది. చెంబు మళ్లీ గూట్లో పెట్టింది. దొర కూర్చుంది. మళ్లీ తీసింది. మళ్లీ లేచింది.

ముందు నవ్వొచ్చింది. వెంటనే సిగ్గుతో చెవులు వేడెక్కాయి. దొర లేచేది దాసన్నను చూసి కాదు, తనను చూసి. మరి ఎవరూ రాని వేళకు నెల రోజులుగా తను నీళ్లెందుకు మోస్తోంది?

"అమ్మా, రేపు తెల్లార్తో నీళ్లిస్తా," అంది.

"చీకట్లో వయసు పిల్లవి రస్తా మీద నిలబడేదేంది?"

"కుక్క పానం అమ్మా."

రాహేలమ్మ కూతురి ముఖం కాసేపు చూసింది. "కుక్కదేనా?" అని, "సరే, నేను తలుపు కాడ ఉంటా," అంది.

తెల్లవారుజామున గజ్జెలు వినిపించాయి. లేవి చెంబు అందుకోబోయి ఆమెను చూసి తడబడ్డాడు, కానీ ఆగలేదు. జ్ఞానమణి పక్కనే పరుగందుకుంది. చెంబులో నీళ్లు తొణికి ఇద్దరి కాళ్లూ తడిశాయి.

"బిరీన చెప్పు మే, సర్కారు పని!"

"దొర తప్పేం ల్యా. నేను చెంబు తీస్తే లేస్తాంది."

"టయము మారి నెలాయె. సందకాడ ఎందుకు తీస్తాండావు?"

"అలవాటు."

"కుక్కకంటే అలవాటు. నీకేమాయె?"

"నాదీ కుక్కదీ ఒకటే బుద్ధి. సాలునా?"

లేవి ఆగిపోయాడు. గజ్జెలు ఠక్కున నిలిచాయి. రెండేళ్లలో అతను దారిలో ఆగడం అదే మొదలు.

"సర్కారుకు చెప్పొద్దు మే," అన్నాడు మెల్లగా. కర్రకున్న గజ్జెల్లో ఒకటి ఊడదీసి ఆమె అరచేతిలో పెట్టాడు. "నేనొచ్చే ముందర ఇది ఆడించు. సంగటి అప్పుడే పెట్టు. సందకాడ చెంబు బోర్లించు. దానికీ, నీకూ."

నవ్వుతూ పరుగెత్తాడు. నీళ్లు తాగడం మరిచిపోయాడు.

ఆ పొద్దే జ్ఞానమణి ఈరన్నను వారం రోజులు ఆగమంది. "నాకు మాత్రం దొరను సంపల్లనుందా పాపా? కాలు నొప్పని రెడ్డికి చెప్తాలే," అన్నాడతను.

మొదటి సాయంత్రం దొరను కొట్టంలో కట్టేసి పక్కనే కూర్చుంది. చెంబు బోర్లించే ఉంది. అయినా పొద్దు మునిగే వేళకు దొర మెడ కింద సన్నగా వణుకు మొదలైంది. దాని కళ్లు రస్తా మీద ఒక చివర నుంచి ఇంకో చివరకు మెల్లగా కదిలాయి. జ్ఞానమణి అటు చూడలేదు. మెడ నిమురుతూనే ఉంది.

రోజుకు కొంచెం సంగటి సందె నుంచి తెల్లవారుజాముకు జరిపింది. ఎనిమిదో నాడు గజ్జె ఆడించగానే దొర లేచి, లేవి పక్కన వంక దాకా పరుగెత్తింది. ఆ సాయంత్రం కాళ్లు చాపి గుర్రు పెట్టింది. ఈరన్న వచ్చి చూసి, "దొరగారు డూటీ మారినారు," అని కర్ర భుజాన వేసుకుని పోయాడు.

ఆ మరుసటి ఆదివారం సాయంత్రం లేవి వచ్చాడు. గజ్జెల కర్ర గోడకు ఆనించి, జ్ఞానమణిని తనకిమ్మని రాహేలమ్మను అడిగాడు.

"నాకు సమ్మతమే నాయనా. మా అత్త మాట కావల్ల," అందామె.

లేవి అవ్వ ముందు కూర్చుని ఆమె చెయ్యి పట్టుకున్నాడు. ఎందుకొచ్చాడో అవ్వకు ఎవరూ చెప్పనక్కర లేకపోయింది. చెయ్యి లాక్కుంది.

"మీ నాయన దప్పితో పోయినాడు. నా చెంబు బయటికి రాక పోయినాడు. ఏ మొగం పెట్టుకొని నీకు పిల్లనిస్తా?"

లేవి తల అడ్డంగా ఊపాడు. చెవులు వినపడని ఆమెకు, తప్పు నీది కాదని చేత్తో సైగ చేశాడు. అతని కళ్లు నిండాయి. అవ్వ చూపు తిప్పేసుకుంది.

పొద్దు మునుగుతోంది. కోడుమూరు వైపు నుంచి గజ్జెల చప్పుడు వినిపించింది.

జ్ఞానమణి గోడ వైపు చూసింది. కర్ర ఆనించిన చోటే ఉంది. కొంగుముడి విప్పి చూసింది. గజ్జె కదలకుండా ఉంది. లేవి ముఖం పాలిపోయింది. వాకిట్లో దొర ఒక చెవి ఎత్తి, జ్ఞానమణి వైపు చూసి, మళ్లీ తల వాల్చింది. దాని వేళ మారిపోయింది.

చప్పుడు దగ్గరపడుతోంది.

ఏ చప్పుడూ వినని విశ్వాసమ్మ ఆ గజ్జెల వైపు తల తిప్పి లేచి నిలబడింది. జ్ఞానమణి చెయ్యి తీసి లేవి చేతిలో పెట్టింది. గూట్లో బోర్లించిన చెంబు రెండేళ్ల తర్వాత అందుకుని, కుండలోంచి నిండా ముంచింది. గడప దాటి రస్తా మీదికి వెళ్లిపోయింది.