ఏ దీవెన?

మా బేతానేరులో రాత్రిపూట ఊరి గవిని తలుపులకు అడ్డగడియ వేసేది నేనే. చీకటి పడ్డాక ఎవరు ఏ మొహంతో ఊళ్ళోకొచ్చారో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. రొప్పుతూ వచ్చేవాళ్లు, ఒక చెప్పు పోగొట్టుకుని వచ్చేవాళ్లు, గాడిదని దారిలోనే వదిలేసి తామొక్కరే వచ్చేవాళ్లు... ఎక్కడ భయపడ్డావని అడగక్కర్లేదు. రాళ్లకుప్ప దగ్గరే.

ద్రాక్షతోటలకు దిగే దారిలో, కొండ మలుపులో ఉంది ఆ కుప్ప. పగలు చూస్తే ఏమీ లేదు — నడుమెత్తు రాళ్లు, వాటి మీద నాలుగు తొండలు. దారిన పోయేవాడు తనూ ఒక రాయి ఎత్తి దాని మీద పడేసి పోవాలి. కిందున్నవాడు లేవకుండా. అది మా ఆచారం.

చీకటి పడితే మాత్రం ఆ మలుపులో ఒక గొంతు. తిట్టదు, ఏడవదు, పేరు పెట్టి పిలవదు. మెల్లగా ఒకే మాట అడుగుతుంది —

"ఏ దీవెన?"

ఆ కుప్ప కిందున్నది ఇత్నాను, హొగ్లా పిన్నికి ఒక్కగానొక్క కొడుకు. ఆరేళ్ల కిందట, దేవుణ్ణి దీవించాడని వాణ్ణి రాళ్లతో కొట్టి చంపాం.

దీవిస్తే చంపడమేమిటంటారా. దేవుణ్ణి తిట్టాడు అనాల్సి వచ్చినా మేం ఆ మాట అనం. అంటే అన్న నాలుకకీ పాపం అంటుకుంటుంది. అందుకని ఆ చోట 'దీవించాడు' అంటాం. వినేవాడు అర్థం చేసుకుంటాడు. ఎప్పుడూ సరిగ్గానే అర్థం చేసుకుంటున్నామని అనుకునేవాళ్లం.

సాక్ష్యం చెప్పినవాడే మొదటి రాయి వెయ్యాలి. మెషుల్లాము, వాడి బావమరిది పెలాయా — సాక్షులిద్దరూ వేశారు. ఆ తర్వాత ఊరంతా. హొగ్లా పిన్ని వచ్చి కొడుకు మీద అడ్డంగా పడింది. మగాళ్లు నలుగురు ఆవిణ్ణి అవతలికి ఈడ్చారు. ఆ గలాటాలో నేనూ ఒకటి వేశాను. గుప్పెడంత రాయి. గురి తప్పింది, ఇత్నానుకి తగల్లేదు. ఆ సంగతి మాత్రం నాకు బాగా గుర్తు. వాడి చావులో నా చెయ్యి లేదనే ధైర్యంతోనే ఆరేళ్లుగా నిద్రపోతున్నాను.

పెలాయా ఆ ఏడే పాము కరిచి పోయాడు. హొగ్లా పిన్ని ఆ రోజునుంచి ఊళ్ళో ఎవరితోనూ ఒక్క మాట మాట్లాడలేదు. పలకరిస్తే ముసుగు మెడ చుట్టూ బిగించుకుని పక్కకి తప్పుకుంటుంది. పంతం అనుకున్నాం. కడుపుకోత కోశాం కదా, పట్టనీ అనుకున్నాం.

ఈసారి ద్రాక్షకోతల్లో ఒకరోజు మధ్యాహ్నం మెషుల్లాము కొడుకు ఒత్నీని రెక్కలు విరిచి కట్టి పట్టుకొచ్చారు. గానుగ దగ్గర, రసం నిండిన పెద్ద కుండ వాడి చేతిలోంచి జారి పగిలిందట. పగలగానే ఏదో అన్నాడట. పళ్లు తొక్కుతున్నవాళ్లు ఇద్దరు విన్నారు. ఇద్దరూ పెద్దల దగ్గరికొచ్చి ఒకే మాట చెప్పారు — దేవుణ్ణి దీవించాడు.

తెల్లవారగానే గవిని దగ్గర పెద్దలు కూర్చుంటారు. ఆ తర్వాత ఏమవుతుందో అందరికీ తెలుసు. కొందరు సాయంత్రమే రాళ్లు ఏరి పెట్టుకున్నారు.

కబురందేసరికి మెషుల్లాము దూరపు తోటలో, కావలి పాకలో ఉన్నాడు. అప్పటికే పొద్దు గూకింది. ఊళ్ళోకి రావాలంటే ఆ మలుపు దాటాలి. ఆరేళ్లుగా వాడు చీకట్లో ఆ దారి తొక్కలేదు. పొద్దుండగానే వచ్చేసేవాడు, లేకపోతే తోటలోనే పడుకునేవాడు. ఆ రాత్రి మాత్రం కొడుకు కోసం బయల్దేరాడు. ఆ తర్వాత జరిగింది నాకు వాడే చెప్పాడు, గవిని అరుగు మీద కూర్చుని.

చంద్రుడు లేని రాత్రి. చేతిలో కాగడా ఉంది. మలుపుకి పదడుగుల ముందు అది ఆరిపోయింది. గాలి మాత్రం లేదు.

టక్... రాయి మీద రాయి జారిన చప్పుడు.

ఆగాడు. చప్పుడూ ఆగింది.

అడుగు వేశాడు. టక్... టక్...

ఆచారం ప్రకారం ఒక రాయి వేసి పోదామని వంగి తడుముకున్నాడు. మాది రాళ్ల నేల, కాలు పెట్టిన చోటల్లా రాయే. కానీ ఎంత తడిమినా అరచేతులకి మట్టి తప్ప ఏమీ తగల్లేదట. ఒక్క గులకరాయి కూడా.

అప్పుడు... చెవి పక్కనే —

"ఏ దీవెన?"

"నాకు తెలీదు," అన్నాడు మెషుల్లాము.

"ఏ దీవెన?"

"నన్ను పోనీ... అక్కడ మావాణ్ణి కట్టేశారు... పోనీ నన్ను..."

"ఏ దీవెన?"

కుప్ప ముందు కూలబడ్డాడు. ఆరేళ్లు గొంతులో పెట్టుకున్నది గుసగుసలా బయటికొచ్చింది.

"మంచి దీవెనే, ఇత్నానూ. నువ్వు మంచి దీవెనే అన్నావు."

జరిగింది ఇది. ఆ ఏడు వడగళ్లు పడి తోటలన్నీ నేలమట్టమయ్యాయి. ఇత్నాను ఖాళీ బుట్ట పట్టుకుని పైకి చూసి, 'ఆయనకి దీవెన, నాకింకా చేతులు మిగిల్చాడు' అన్నాడు. పక్క తోటలోంచి మెషుల్లాము విన్నాడు, పెలాయా విన్నాడు. ఆ మాట మెషుల్లాముకి ఎంతో నచ్చింది. సాయంత్రం గవిని దగ్గర పెద్దల ముందు మెచ్చుకుంటూ చెప్పాడు — అంత నష్టంలోనూ దేవుణ్ణి దీవించాడు మా ఇత్నాను అని.

పెద్దలు చెవులు మూసుకున్నారు. అందరిలోకీ పెద్దాయన లేచి, అలాంటి పాపం చెవిన పడితే చెయ్యాల్సినట్టే, అంగీని మెడ దగ్గర్నుంచి బొడ్డుదాకా చర్రున చింపుకున్నాడు.

"చింపుకున్నాక ఎవడు చెప్తాడు మావా, మీరు తప్పుగా విన్నారని?" అన్నాడు మెషుల్లాము నాతో. "కొత్త అంగీ అది. నాకు నోరు పెగల్లేదు. పెలాయా నా మొహం చూశాడు, నేను నేల చూశాను. రేపు చెబుదాంలే అనుకున్నా. రేపటికి నా చేతిలో రాయి పెట్టారు."

వాడు కుప్ప ముందు అదంతా చెప్పి ముగించేసరికి, రాళ్ల వెనకనుంచి ఒక ఆకారం పైకి లేచింది. తలమీద ముసుగు. మెషుల్లాముకి ప్రాణం పోయినంత పనైంది. ఆకారం దగ్గరికొచ్చింది. హొగ్లా పిన్ని. పొద్దుండగానే ఊరు దాటి, రోజూ రాత్రి కొడుకు పక్కన కూర్చుని, పొద్దున గవిని తెరిచాకే తిరిగొస్తుందన్నమాట. ఒక్క మాటా అనకుండా వాడి ముందు నడిచింది. వాడు ఆవిడ వెనక నడిచాడు.

ఇద్దరూ గవిని దగ్గరికి వచ్చాక సంగతంతా విని నాకు నవ్వొచ్చింది. ఆరేళ్లు ఊరు ఊరంతా హడలిచచ్చింది ఈ ముసలావిడకా?

"ఎంత పని చేశావు పిన్నీ," అన్నాను. "గాడిదలు కూడా నీకు భయపడ్డాయి కదా."

పిన్ని నా వంక చూసింది. చాలాసేపు చూసింది. ముసుగు బిగించుకుని లోపలికి వెళ్లిపోయింది.

"పొద్దున పెద్దల ముందు చెప్తావా?" అని మెషుల్లాముని అడిగాను.

"చెప్పకపోతే మావాడు చస్తాడు."

"చెప్తే నువ్వు చస్తావు. తప్పుడు సాక్ష్యానికి అదే శిక్ష."

"తెలుసు మావా," అన్నాడు. తెల్లవార్లూ ఆ అరుగు మీదే కూర్చున్నాడు.

పొద్దున ఒత్నీని తెచ్చి నిలబెట్టారు. సాక్షులిద్దరూ 'దీవించాడు' అన్నారు. పెద్దాయన చెయ్యి అంగీ మెడ దగ్గరికి పోతోంది. మెషుల్లాము ముందుకొచ్చి ఆ చెయ్యి పట్టుకున్నాడు.

"చింపుకోకండి. ముందు వాళ్లని అడగండి," అన్నాడు. "ఏ దీవెన?"

ఆ మాటని పగటి వెలుగులో, బతికున్న మనిషి నోట వినడం మాకదే మొదలు.

సాక్షుల్లో చిన్నవాడు తలగోక్కున్నాడు. "ఏ దీవెనంటే... దేవుడికి దీవెన, పోయింది కుండేగా, కాలు కాదుగా, అన్నాడు. అదే కదా మేం చెప్పింది?"

"మరి నిన్న అంత భయంగా చెప్పారేం?" అన్నాడు పెద్దాయన.

"మీరు భయంగా విన్నారు," అన్నాడు వాడు. "కట్టేశాక మమ్మల్నెవరూ అడగలేదు."

ఒత్నీ కట్లు విప్పారు. కొడుకు వాటేసుకోబోతే మెషుల్లాము పక్కకి జరిపి, ఇత్నాను సంగతి మొదటినుంచీ చెప్పాడు. దేన్నీ దాచలేదు. పెద్దాయన ఆ రోజు చింపుకున్న అంగీనే కుట్టించుకుని వేసుకుంటున్నాడు. ఆ కుట్టు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు.

చివరికి, "మేమూ అడగలేదు," అన్నాడు. "శిక్ష వెయ్యడానికి మాకు మొహం లేదు. తల్లి ఉంది. మొదటి రాయి వెయ్యాలో వద్దో ఆవిడిష్టం."

ఎవరో హొగ్లా పిన్ని చేతిలో రాయి పెట్టారు. మెషుల్లాము కళ్లు మూసుకున్నాడు. ఒత్నీ తండ్రికి అడ్డంగా వచ్చి నిలబడ్డాడు. పిన్ని ఆ కుర్రాణ్ణి చూసింది. రాయి కింద పెట్టేసి, తోటల దారి పట్టింది. ఇంకెవరూ వంగి రాయి తియ్యలేదు.

నా కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆవిడ వెనకాలే పరుగెత్తాను.

"పిన్నీ, మమ్మల్ని క్షమించు. ఇన్నేళ్లు దెయ్యమని నీకే భయపడ్డాం. ఆ గొంతు నీదే కదా?"

పిన్ని ఆగింది. మెడ చుట్టూ ఉన్న ముసుగు విప్పింది. ఆరేళ్లలో అది విప్పగా నేనెప్పుడూ చూడలేదు. గొంతు మధ్యలో, ఎముక లోపలికి నొక్కుకుపోయి, గుంట. ఏదో చెప్పాలని నోరు తెరిచింది. మాట రాలేదు. గాలి మాత్రం వచ్చింది.

తర్వాత తన గుప్పిలి మూసి ఆ గుంట మీద ఆనించి చూపించింది. సరిగ్గా గుప్పెడంత. నా కుడిచెయ్యి వంక చూసింది.

కుప్ప మీదున్న రాళ్లన్నీ ఊళ్ళోవాళ్లు తీసేసి, ఇత్నానుకి మంచి సమాధి కట్టారు. అయినా ఆ మలుపులో గొంతు పోలేదట. చీకటి పడ్డాక వచ్చేవాళ్లు చెబుతున్నారు. మాట మాత్రం మారిందట. "ఏ రాయి?" అని అడుగుతోందట.

దానికి అర్థమేమిటని వాళ్లు నన్నే అడుగుతారు. తెలీదంటాను. ఈ మధ్య పొద్దుండగానే అడ్డగడియ వేసేస్తున్నాను.