నాలుగో కంచం

ఆదివారం పొద్దున్నే మిర్తా టీకని మాతే ఆకు మీద వేణ్ణీళ్లు పోస్తూ చెయ్యి కాల్చుకుంది. ఊడ్చిన వంటిల్లే మళ్లీ ఊడ్చింది. తల్లి జుల్మా రావియోలీకి పిండి కలుపుతూ ఆ హడావుడంతా ఓ కంట చూస్తూనే ఉంది.

"కాలు కాలిన పిల్లిలా ఏంటే ఆ తిరగడం? కాసేపు కూర్చో."

"నీ కొడుకు రానీ, కూర్చుంటాను."

మిర్తా తమ్ముడు ఎల్బియో తమ ఇంటి మీదే రాసిన నాటకం మాంటెవిడియోలో ఆడుతోంది. నిన్నటి పేపరు దాన్ని ఆకాశానికెత్తేసింది. చేపల ఫ్యాక్టరీలో మిర్తాతో పనిచేసే ఒకామె దాన్ని అందరికీ చదివి వినిపించింది. 'కూలివాడి ఇల్లు. ఒక బల్ల, ముగ్గురు మనుషులు. చివరిదాకా మాటే లేదు. ఎవరూ ముట్టని ఆ నాలుగో కంచం కంటే ఆకలికి గొప్ప గుర్తు రంగస్థలం మీద చూడలేదు.'

"తిండీ లేదు, మాటా లేదు. మరి నీకింత నోరెలా వచ్చిందే?" అందామె. అందరూ నవ్వారు. మిర్తాకు తల కొట్టేసినట్టయింది. ఆ ఇంట్లో ఆకలన్న మాట వినబడకూడదనే కదా, తను చదువు మానేసి, దూరాన పుంతా అనే ఊళ్లో ఒక పెద్దింట వంటపనికి కుదిరి ఏళ్లతరబడి అక్కడే పడి ఉంది.

మధ్యాహ్నం ఎల్బియో వచ్చాడు. కోటు విప్పకముందే మిర్తా పేపరు అతని ముందు పడేసింది.

"ఒరేయ్, మనం ఎప్పుడురా పస్తులున్నది?"

"ఎప్పుడూ లేం అక్కా."

"మరి ఈ ఖాళీ కంచమేంటి? నాన్న నోరు తెరిస్తే వీధి చివరిదాకా వినబడేది. పోయినాయన్ని మూగవాణ్ణి చేసి, మమ్మల్ని ముష్టివాళ్లని చేసి చప్పట్లు కొట్టించుకుంటావా?"

"ఆకలని రాసింది ఆ పేపరాయన."

"కంచం పెట్టింది నువ్వే కదా."

"నేను కాదు. అమ్మ," అన్నాడు ఎల్బియో మెల్లగా.

జుల్మా పిండి చేతులు తుడుచుకుంది. "నువ్వు పుంతా వెళ్లిన రోజు అలవాటుకొద్దీ నాలుగు కంచాలు పెట్టానే. తీయబోతే మీ నాన్న ఉండనీ అన్నాడు. ఇక రోజూ పెట్టాను. నువ్వు లేకపోతే ఆయన ఎవరితో వాదిస్తాడు? తలొంచుకుని తినేసి లేచేవాడు."

"నాకెవరూ చెప్పలేదేం?"

"చెప్తే పని మానేసి వచ్చేస్తావని."

మిర్తా కుర్చీలో కూలబడింది. ఎల్బియో పక్కన కూర్చున్నాడు.

"నాటకం చూడ్డానికి రమ్మని ఎన్నిసార్లు పిలిచానక్కా. చివర్లో తలుపు చప్పుడవుతుంది. ముగ్గురూ లేస్తారు. నాన్న ఒక్క మాటంటాడు, దీపాలు ఆరిపోతాయి."

"ఏమంటాడు?"

"'వచ్చిందిరా గయ్యాళి' అని. ఆ వచ్చింది అద్దె అడిగే ఇంటి ఓనరమ్మ అనుకున్నాడు పేపరాయన."

మిర్తాకు నవ్వొచ్చింది. ఆ వెనకే ఏడుపొచ్చింది. తను పెట్టెతో తిరిగొచ్చిన రోజు తండ్రి గుమ్మంలో అన్నది అదే మాట. తను లేని ఇల్లు ఎలా ఉండేదో ఇన్నేళ్లలో ఒక్కసారీ అడగలేదు.

జుల్మా బల్ల మీద మూడు కంచాలు పెట్టింది. మిర్తా కళ్లు తుడుచుకుని లేచి, నాలుగోది తెచ్చి తండ్రి చోట పెట్టింది.

"సరే గానీ, ఆ నాన్న వేషంవాడికి గొంతుందా అసలు?" అంది రావియోలీ వడ్డిస్తూ. "శనివారం వస్తాను. ఆ మాట వీధి చివరిదాకా వినబడకపోతే నీ సంగతి చెప్తా."