కూలర్‌కి ఎదురు కిటికీ

2019 మే నెల, ఉదయం ఎనిమిది గంటలు.

రాయ్‌పూర్ శివార్లలో అభన్‌పూర్ దాటాక రోడ్డు పక్కన ఆగిన తెల్ల కారులో అమ్మిరాజు స్టీరింగ్ మీద తల వాల్చి నిద్రపోతున్నట్టున్నాడు. మెడ మీద చీమ కుట్టినంత ఎర్రచుక్క తప్ప ఒంటి మీద దెబ్బన్నది లేదు, ప్రాణమూ లేదు. సిల్తారాలో ఒక ఉక్కు కర్మాగారంలోని రహస్య లేబొరేటరీకి ఆయనే పెద్ద. యుద్ధ ట్యాంకుల కవచానికి వాడే కొత్త ఉక్కును ఎంత వేడి దగ్గర కాల్చాలో, ఎలా చల్లార్చాలో పూర్తిగా తెలిసిన మనిషి ఆయనొక్కడే. ఆ ఫార్ములా ఉన్న పెన్ డ్రైవ్‌ని మెళ్లో తాయెత్తులా కట్టుకు తిరిగేవాడు. ఇప్పుడు మెళ్లో తాడు మాత్రం మిగిలింది.

పది గంటలకు ఏజెంట్ మహేంద్ర చీఫ్ మల్లేశ్వరరావు ముందు నిలబడ్డాడు. శంకర్ నగర్‌లో టైప్ ఇన్‌స్టిట్యూట్ బోర్డు వెనక ఉంది ఆ ఆఫీసు. ఇరవై ఏళ్లలో అక్కడ ఒక్కరూ టైపు నేర్చుకున్న పాపాన పోలేదు, ఎందుకని ఎవరూ అడగనూ లేదు.

"ముఠా పేరు కోరల్. నాయకుడు హెండ్రిక్," అన్నాడు చీఫ్. "ఇక్కడికి నాలుగు వీధుల అవతల ఇల్లు అద్దెకు తీసుకున్నాడు. మధ్యాహ్నం మూడింటికి వాళ్ల శాటిలైట్ మన నెత్తిమీదికొస్తుంది. పన్నెండు నిమిషాలుంటుంది. ఆ పన్నెండు నిమిషాల్లో ఫైలు పంపేస్తాడు."

"ఇప్పుడే రెయిడ్ చేస్తే?"

"డ్రైవ్ ఎక్కడ దాచాడో తెలీదు. మూడింటికే బయటికి తీస్తాడు. అప్పుడు తలుపు తట్టకుండా లోపలికి వెళ్లే మనిషి కావాలి."

హెండ్రిక్ అన్న పేరుని మహేంద్ర పదకొండేళ్లుగా మరిచిపోలేదు. చీఫ్ ఒక ఫొటో తీసి బల్ల మీద పెట్టాడు. పొట్టి జుట్టు, నల్ల కళ్లద్దాలు, ఖరీదైన పట్టుచీర.

"కోడ్ నేమ్ పెర్ల్. హెండ్రిక్‌కి కుడిచెయ్యి. నీకు తెలుసుగా?"

"నవ్య," అన్నాడు మహేంద్ర.

"ముఠా మనిషి. అడ్డొస్తే కాల్చు."

నవ్య! ఎక్కడి నవ్య, ఎక్కడి పెర్ల్! మహేంద్ర, నవ్య, శివాజీ ముగ్గురూ రాయ్‌పూర్ రైల్వే కాలనీలో పక్కపక్క క్వార్టర్లలో పెరిగారు. శ్రీకాకుళం తెలుగూ, స్కూలు హిందీ కలిపి కొట్టిన వాళ్ల భాష వాళ్లకు తప్ప ఇంకెవరికీ ఎక్కేది కాదు. ముగ్గురూ కలిసే ఆస్ట్రేలియాలో ఎమ్మెస్ చదవడానికి వెళ్లారు. 2008లో సెలవులిస్తే చేతిలో ఉన్నదంతా పెట్టి దక్షిణ సముద్రాల్లో ఒక దీవికి ప్రయాణం కట్టారు. కొబ్బరిచెట్లు, తెల్లటి ఇసుక, పచ్చగా మెరిసే నీళ్లు. పగలంతా పడవల మీద ఎగిరారు. జలపాతాల్లోకి దూకారు. శివాజీ, నవ్య పెళ్లి మాట కూడా అక్కడే అనుకున్నారు. ఆ ఐదు రోజులూ ముగ్గురూ నవ్విన నవ్వు జన్మకి సరిపడా ఉంటుంది.

ఆరో రోజు సముద్రం అడుగుకి దిగారు. జోడీని వదిలి పైకి రాకూడదన్నది అక్కడి మొదటి నియమం. మహేంద్ర జోడీ శివాజీ. మహేంద్ర వెనక్కి తిరిగి చూడకుండా పైకొచ్చేశాడు, వస్తున్నాడులే అనుకున్నాడు. శివాజీ రాలేదు. గంట తర్వాత శవం వచ్చింది.

పడవ యజమాని పేరు హెండ్రిక్. పోలీసులు పాస్‌పోర్టులు తీసుకున్నారు. ఒక్కరినే శవంతో పంపుతామన్నారు. "నువ్వెళ్లరా, బంగారమ్మత్త తట్టుకోలేదు. నేను హఫ్తాలో వచ్చేస్తాను," అంది నవ్య. శివాజీ తల్లి బంగారమ్మ కాళ్ల దగ్గర కొడుకు శవాన్ని దింపింది మహేంద్రే. ఆ వారం పదకొండేళ్లయింది. నవ్య దగ్గర్నుంచి మూడు మెయిల్స్ వచ్చాయి. జోడీని నీళ్లలో వదిలేసి వచ్చినవాడికి వాటిని తెరవడానికి మొహం చెల్లలేదు. ఏరు దాటి తెప్ప తగలేసినవాడని తనను తానే తిట్టుకున్నాడు గానీ, తెరవలేదు. ఛీ, మనిషన్నవాడు అలా ఉంటాడా అంటే, ఉన్నాడు మరి.

మధ్యాహ్నం రెండున్నర. ఎండ నలభై అయిదు డిగ్రీలు. మే నెలలో రాయ్‌పూర్‌లో కూలర్ మిస్త్రీని ఎవరూ పేరడగరు, దేవుడొచ్చినట్టు లోపలికి రమ్మంటారు. ఆ ఇంటి ఏసీని డిపార్ట్‌మెంట్ వాళ్లు ఆ ఉదయమే చెడగొట్టారు. ఇంటివాళ్లు పాత కూలర్ బిగించారు. దానికి మిస్త్రీ కావాలని చేసిన ఫోన్‌ని మల్లేశ్వరరావు మనిషే ఎత్తాడు.

వడగాలికి ఈ ఊళ్లో అందరూ కట్టుకున్నట్టే మహేంద్ర మొహానికి గమ్చా చుట్టాడు. దాని మడతలో గ్యాస్ ఫిల్టర్ ఉంది. సంచిలో కూలర్ పక్కలకి కట్టే ఖస్ గడ్డి, స్క్రూడ్రైవర్, అడుగున పిస్టల్. ఇంకొకటి, సబ్బు బిళ్లంత తెల్ల మాత్ర. కూలర్ నీళ్లలో వేస్తే దాని ఆవిరి నాలుగు నిమిషాల్లో మనిషిని పడేస్తుంది. కాపలావాడు సంచిలో పైపైన చెయ్యి పెట్టి, గడ్డి గుచ్చుకుంటే విసుక్కుని వదిలేశాడు.

కూలర్ ఇంటి వెనక కిటికీకి బిగించి ఉంది. జాలీలోంచి లోపలంతా కనబడుతోంది. హెండ్రిక్ ముసలివాడయ్యాడు. బల్ల మీద లాప్‌టాప్, దానికి పెన్ డ్రైవ్. పక్కన నవ్య, తలుపు దగ్గర ఆ కాపలావాడు. మహేంద్ర మాత్రని నీళ్లలో జారవిడిచి మోటారు వేశాడు.

మూడు గంటలు. అప్‌లోడ్ మొదలైంది. పది శాతం. ఇరవై.

గాలి లోపలికి పోవడం లేదు! హెండ్రిక్ రహస్యం కోసం కిటికీలన్నీ బిడాయించాడు. ఏసీ గదుల్లో బతికినవాడు, వాడికేం తెలుసు. కూలర్ నడవాలంటే ఎదురు కిటికీ తీసి ఉండాలి. లేకపోతే గది ఉడుకుతుందే తప్ప గాలి ఆడదు.

"సాబ్, సామ్నే వాలీ ఖిడ్కీ ఖోలియే," అని అరిచాడు మహేంద్ర.

"నో విండో," అన్నాడు హెండ్రిక్, చెమట తుడుచుకుంటూ.

నలభై శాతం. యాభై. నవ్య కూలర్ వైపు తల తిప్పింది. జాలీ వెనక గమ్చా, గమ్చా పైన రెండు కళ్లు. ఆమె నల్ల కళ్లద్దాలు తీసి ఒక్క క్షణం చూసింది. తర్వాత నిమ్మకు నీరెత్తినట్టు లేచి వెళ్లి ఎదురు కిటికీ తెరిచింది.

"ఇది నా ఊరు హెండ్రిక్. ఇక్కడ చంటిపిల్లలకీ తెలుసు, కూలర్ వేస్తే కిటికీ తెరవాలని," అంది ఇంగ్లీషులో.

గాలి ఒక్కసారి లోపలికి దూకింది. ఆమె అదే కిటికీలోంచి బయటపడవచ్చు. పడలేదు. తిరిగొచ్చి లాప్‌టాప్ పక్కన కూర్చుంది. 'బయటికి పో నవ్యా, పో!' అని మహేంద్ర లోపల్లోపల మొత్తుకున్నాడు.

ఎనభై శాతం దగ్గర కాపలావాడు గోడకి జారిపోయాడు. తొంభై దగ్గర హెండ్రిక్‌కి అర్థమైంది. ముక్కుకి చేతిరుమాలు అడ్డం పెట్టుకుని పిస్టల్ కూలర్ వైపు తిప్పాడు. నవ్య తూలుతూనే లేచి వాడికీ కూలర్‌కీ మధ్య పడింది, ఒక చేత్తో పెన్ డ్రైవ్ ఊడబెరికింది. తెర మీద తొంభై తొమ్మిది దగ్గర అంకె ఆగిపోయింది. పిస్టల్ రెండుసార్లు పేలింది.

మహేంద్ర కూలర్‌ని కాలితో తన్ని కిటికీలోంచి దూకేసరికి హెండ్రిక్ మోకాళ్ల మీద ఉన్నాడు. చేతిలో పిస్టల్‌ని ఒక్క తన్ను తంతే ఎగిరిపడింది. ఇంకో నిమిషానికి వాడూ నేలకి ఒరిగి గురక పెట్టాడు. నవ్యని ఎత్తుకుని ఎదురు కిటికీ బయట అరుగు మీదికి తెచ్చాడు.

"ఏట్రా మహీ... చాలా దేర్ సేసినావు," అంది.

"మాట్లాడకు. అంబులెన్స్ వస్తోంది."

"నా మెయిల్స్ సూసినావా?"

అబద్ధం చెప్పలేకపోయాడు. "లేదే."

"మూడూనా?"

"మూడూ."

ఆమె నవ్వబోయింది. "పాగల్‌గాడివిరా. శివాజీ సిలిండర్లో గాలే సెడ్డది. ఈ హెండ్రిక్‌గాడే అలా నింపేడు. మనలో ఒకడు పోతే మిగిలినోళ్లు ఈడి గుప్పిట్లో పడతారని. ఆ పోలీసులూ ఈడోళ్లే. నీ గల్తీ ఏటీ లేదు. అదే రాసేను. నన్ను ఇక్కణ్ణించి తీస్కెళ్లిపో అని కూడా రాసేను."

మహేంద్ర ఏడ్చాడు. గమ్చా విప్పి ఆమె గాయానికి అదిమిపెట్టి, చిన్నపిల్లాడిలా పైకే ఏడ్చాడు.

"బంగారమ్మత్త ఠీక్‌గా ఉందా?"

బంగారమ్మ పోయి ఆరేళ్లయింది. "బాగుంది. నువ్వెప్పుడొస్తావని రోజూ అడుగుతాది," అన్నాడు. ఉద్యోగంలో వేల అబద్ధాలాడాడు గానీ ఏదీ ఇంత కష్టంగా గొంతు దాటలేదు. నవ్య తల ఊపింది. అంబులెన్స్ సందు మలుపు తిరిగేలోపే ఆ తల అతని భుజం మీద వాలిపోయింది.

సాయంత్రం ఆరు గంటలకు ఆఫీసులో మల్లేశ్వరరావు కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆరేళ్లుగా ఆమె మన మనిషి మహేంద్రా. కూలర్ ఉపాయం కూడా ఆమెదే. నన్ను గుర్తుపట్టేవాణ్ని పంపండి, వాడు జాలీ వెనక ఉంటే నాకు ధైర్యం అంది."

"నాకెందుకు చెప్పలేదు సార్?"

"చెబితే ఫైలు గాలికొదిలేసి ముందు ఆమెను బయటికి తెచ్చేవాడివి."

"తెచ్చేవాణ్ని."

"అందుకే."

మహేంద్ర ఆఫీసు కంప్యూటర్ ముందు కూర్చుని పదకొండేళ్ల నాటి పాస్‌వర్డ్ కొట్టాడు. మొదటి రెండూ పొడుగు ఉత్తరాలు. మూడోదాంట్లో ఒకటే వాక్యం, ఇంగ్లీషు అక్షరాల్లో వాళ్ల కాలనీ తెలుగు: "ఇది కూడా సూడవని తెలుసురా, అయినా రాస్తున్నాను." దాన్ని ఎన్నిసార్లు చదివాడో లెక్క లేదు.

చీఫ్ వెనక నుంచి వచ్చి భుజం మీద చెయ్యి వేశాడు. మిషన్ ముగిస్తే పదిహేను రోజుల సెలవు తప్పనిసరని రూలు. "ఎటైనా వెళ్లిరా. గోవాలో గెస్ట్ హౌస్ ఉంది, ఎదురుగా సముద్రం."

"వద్దు సార్, రాయ్‌పూర్‌లోనే ఉంటాను," అన్నాడు మహేంద్ర. "మే నెలలో ఇక్కడ తాగడానికే నీళ్లుండవు. ఇక మునగడానికెక్కడివి?"