రెండు రాజధానులు, ఒక ఖాళీ సీటు

పెద్దాయన తన గదిలో ఎవరికీ కుర్చీ చూపించడు. ఆ ఉదయం చూపించాడు. గొడుగుకి అప్పుడే అనుమానం వచ్చింది.

ఆఫీసులో అతన్ని గొడుగు అనే పిలుస్తారు. బయట అతను టూర్ మేనేజర్. పసుపు గొడుగు పైకెత్తి పట్టుకుని, వెనక ఓ గుంపును నడిపిస్తూ కోటలూ మ్యూజియాలూ చూపిస్తాడు. టూరిస్టుల గుంపు కనబడితే ఏ దేశపు పోలీసైనా మొహం తిప్పుకుంటాడు. అంతకన్నా మంచి మారువేషం ఆఫీసుకు ఇంతవరకు దొరకలేదు.

"కొత్త టూరు," అన్నాడు పెద్దాయన. "కొండల్లో పక్కపక్కనే రెండు రాజధానులు. పాత భవనాలు, సంస్కృతి, వారసత్వం. మొదటి ఊరు చూసి, కనుమ దాటి రెండో ఊరు వెళ్తారు. మళ్లీ అదే దారిలో వెనక్కి."

"పని?"

"రెండో ఊళ్లో పాత రాజభవనం తలుపులూ కిటికీలూ బాగుచేస్తున్న మన దేశంవాడు ఒకడున్నాడు. అతన్ని బస్సెక్కించి తీసుకురావాలి."

ఎవరి సంగతో గొడుగుకి తెలిసిపోయింది. ఆ చెక్కపని నిపుణుడు అతని అక్క భర్త.

"మీ బావ వర్క్‌షాపుకి ఎదురిల్లే శత్రు గూఢచారుల అడ్డా. అక్కడికి ఎవరొచ్చి పోతున్నారో తెలియబట్టే వాళ్లకు మన సైన్యం మ్యాపులు అమ్ముతున్న మనవాళ్లిద్దర్ని పట్టుకున్నాం. ఎలా తెలిసిందో నీకు చెప్పక్కర్లేదు."

చెప్పక్కర్లేదు. బావకు వాగుడెక్కువ. రోజూ పని అయ్యాక అక్కకు ఫోన్ చేసి ఎదురింటి కబుర్లు చెబుతాడు. నల్ల కారు మళ్లీ వచ్చింది. గడ్డపాయన ఇవాళ టోపీ పెట్టుకున్నాడు. పొట్టాయన సూట్‌కేసు మోయలేక మెట్ల మీద కూలబడ్డాడు. అక్క ఫోన్ స్క్రీన్ పగిలితే బాగుచేయించి తెచ్చిచ్చింది తమ్ముడే. అప్పటినుంచి ఆ కబుర్లు అక్కతోపాటు ఆఫీసు కూడా వింటోంది.

"వాళ్లు మీ బావను గూఢచారి అనుకుంటున్నారు."

"ఆయనకు గూఢచారి అంటే సినిమాల్లోనే తెలుసు సార్."

"ఆ సంగతి వాళ్లకు తెలియదుగా. రాజభవనంలో చంపరు. చంపితే అక్కడి పోలీసులు వీధంతా గాలిస్తారు, అడ్డా బయటపడుతుంది. ఎయిర్‌పోర్టు వాళ్ల చేతిలో ఉంది కాబట్టి మనకు ఉన్నది రోడ్డే. కనుమ దగ్గర గాలి పలచన. అక్కడ ఓ మనిషి గుండె ఆగి పోతే డాక్టరు కూడా ప్రశ్న వేయడు. కనుమ మీద చెక్‌పోస్టు ఉంది. అక్కడ మనవాళ్లుంటారు. అంతవరకు తీసుకొస్తే చాలు." పెద్దాయన ఆగాడు. "వాళ్ల మనిషి నీ టూర్‌లోనే ఉన్నాడు."

"ఎవరు చెప్పారు?"

"రెండో ఊళ్లో నీకు గైడ్‌గా వచ్చే ఆవిడ. మనకూ పనిచేస్తుంది, వాళ్లకూ పనిచేస్తుంది. ఎవరి దగ్గర నిజం మాట్లాడుతుందో ఇంకా తేలలేదు."

లేవబోతుంటే టెక్నీషియన్ వచ్చి ఒక పెట్టె ఇచ్చాడు. టూరిస్టులు చెవిలో పెట్టుకుని గైడ్ మాటలు వినే ఇయర్‌ఫోన్లు. మైకు మీద మామూలుగా ఉండని బటన్ ఒకటి ఉంది. అది నొక్కి మాట్లాడితే ఎర్ర చుక్క ఉన్న ఇయర్‌ఫోన్‌కు మాత్రమే వినబడుతుంది.

"అది మీ బావకి," అన్నాడు టెక్నీషియన్.

* * *

టూర్ మేనేజరుకు బాంబుల కన్నా సీట్లతోనే ప్రమాదం ఎక్కువ. కొండదారిలో అందరికీ ముందు సీటే కావాలి. అందుకని రొటేషన్ పెడతారు. రోజూ పొద్దున ప్రతివాళ్లూ ఒక్కో వరస ముందుకు జరుగుతారు. నిన్న ముందు కూర్చున్నవాళ్లు ఇవాళ వెనక్కి పోతారు. ఈ ఒక్క నియమాన్ని సడలిస్తే టూరు టూరంతా రచ్చకెక్కుతుంది.

రిటైర్డ్ ప్రిన్సిపాల్ మొదటి రోజే రచ్చకెక్కాడు.

"నాకు మోకాళ్ల నొప్పులయ్యా. ముందు సీటు ఇవ్వకపోతే ఎలా?"

"మీ వంతు వస్తుంది సార్."

"ఎప్పుడు, నేను పోయాకా?"

సీటు సంగతి అయ్యాక టీ సంగతి ఎత్తాడు. చక్కెర సరిపోలేదట. మ్యూజియంలో లైట్లు తక్కువట. ప్రార్థనా మందిరంలో మెట్లు ఎక్కువట. ప్రతి ఉదయం రెండు చెంచాల చక్కెర అదనంగా వేయించుకుని, మళ్లీ సీటు దగ్గరికి వచ్చేవాడు. వెనక బెంచీలో కూర్చున్న నలుగురు తోడికోడళ్లు ఆయనకు 'నస మాష్టారు' అని పేరు పెట్టారు. వాళ్లూ తక్కువ తినలేదు. బెంచీకి వరసలు లేవు కనుక తమకు రొటేషన్ వర్తించలేదని అయిదు రోజులూ గొడవ చేస్తూనే ఉన్నారు.

ఒక్క మనిషి మాత్రం నోరు విప్పలేదు. ఒంటరిగా వచ్చిన ఆవిడ. తిండి చల్లారినా అడగలేదు. గదిలో వేడినీళ్లు రాకపోయినా అడగలేదు. డబ్బు కట్టి ఫిర్యాదు చేయని టూరిస్టును గొడుగు తన సర్వీసులో చూడలేదు.

రెండో ఊళ్లో గైడ్ ఎదురొచ్చింది. ఎర్ర కోటు, నల్ల కళ్లద్దాలు, ఎత్తు మడమల బూట్లు. రాళ్లు పరిచిన ఆ వీధుల్లో అలాంటి బూట్లతో ఎవరూ నడవరు. ఆమె నడిచింది. రాజభవనం గుమ్మం దగ్గర గొడుగు కోడ్ మాట అన్నాడు.

"ఈ తలుపు ఏ చెక్క?"

"చెక్క సంగతి తెలియదు. ఓపిక మాత్రం మూడు తరాలది."

మాట కలిసింది. ఆమె తల తిప్పకుండానే చెప్పింది. "మాట్లాడని ఆవిడ. ఆవిడ మీదే కన్నేసి ఉంచు."

"ఖాయమా?"

"నా బూట్ల మీద ఒట్టు. నా దగ్గర వీటికన్నా విలువైనది ఏదీ లేదు."

ఆమె అద్దాలు తీసి నవ్వింది. గుంపులోని మగవాళ్లంతా తలుపు చూడడం మానేశారు.

* * *

వర్క్‌షాపు రాజభవనం వెనక పొడుగాటి హాలు. బల్లల మీద విప్పదీసిన కిటికీల ముక్కలు, ఒక్కో ముక్కకు కట్టిన గుర్తు చీటీ. బావ ముక్కు మీద కళ్లద్దాలతో, చిన్న ఉలితో పాత రంగు గీకుతున్నాడు. గొడుగును చూసి ఉలి కింద పెట్టాడు.

"ఏరోయ్ బావమరిదీ! గొడుగు పట్టుకుని ఊళ్లు తిరుగుతున్నావని మీ అక్క చెప్తే నమ్మలేదు. చదివిన చదువంతా ఇందుకేనా?"

"బావా, నవ్వుతూ వినండి. బస్సులో మీకో సీటుంది. గ్రూపు పర్మిట్‌లో మీ పేరుంది. రేపు పొద్దున మాతో వచ్చేస్తున్నారు."

"మతి గాని పోయిందా? ఈ కిటికీ ఎక్కించకుండా ఎక్కడికి రాను?"

"ఎదురింటివాళ్లు మిమ్మల్ని చంపబోతున్నారు."

బావ నవ్వు ఆపలేదు. అలా నవ్వుతూనే ఎదురింటి వైపు చూశాడు. పై అంతస్తులో తెర కదిలింది.

"నన్నెందుకురా? వాళ్ల జోలికి నేనెప్పుడు పోయాను? వాళ్ల గురించి నేనెవరితోనూ అనలేదు. ఒక్క మీ అక్కతో తప్ప..."

అక్కడ ఆగాడు. పగిలిన చెక్కను చూసి ఎక్కడ దెబ్బ తగిలిందో చెప్పడం ఆయన వృత్తి. బావమరిది మొహం చాలాసేపు చూశాడు.

"మీ అక్క ఫోన్ బాగుచేయించి తెచ్చింది నువ్వే కదూ," అన్నాడు.

గొడుగు బల్ల మీది గుర్తు చీటీ ఒకటి సర్దాడు.

"నేను మీ అక్కతో ఏవేవో మాట్లాడతానురా. అన్నీ విన్నారా?"

"ఎదురింటి సంగతులే రాసుకున్నారు బావా."

"విన్నారా, లేదా?"

తోడికోడళ్లలో పెద్దావిడ వచ్చి ఆ కిటికీ ధర ఎంతని అడిగింది. బావ దాని వయసు చెప్పాడు. మిగతా సందర్శన పొడుగునా బావమరిదితో ఒక్క మాట మాట్లాడలేదు. పొద్దున మాత్రం సంచి భుజాన వేసుకుని బస్సు దగ్గరికి వచ్చాడు.

* * *

ఆ రోజు రొటేషన్ ప్రకారం ముందు సీటు ప్రిన్సిపాల్‌ది.

"పోనీలేవయ్యా," అన్నాడాయన. "ఆ కొత్తాయన వెనక ఒక్కడే ఉన్నాడు. తోడుగా నేను కూర్చుంటాను. నా సీటు ఆ ఒంటరావిడకు ఇచ్చెయ్."

గొడుగుకి పని సులువైంది. మాట్లాడని ఆవిడను చెయ్యి చాపితే అందేంత దగ్గరలో కూర్చోబెట్టుకున్నాడు. ఆవిడ చేతిసంచి కాళ్ల దగ్గర ఉంది. దాని జిప్పు మీదనుంచి చూపు తిప్పలేదు. ఎర్ర కోటు గైడ్ చేతులూపుతూ వెనకబడిపోయింది. బస్సు మలుపులు తిరుగుతూ ఎక్కసాగింది. కిటికీల మీద ఆవిరి పట్టింది. కొందరు నిద్రపోయారు.

కనుమ పైన చెక్‌పోస్టు రేకుల కప్పు కనబడింది. ఇంకా నాలుగైదు మలుపులు.

అప్పుడు ఆవిడ నోరు విప్పింది.

"ఏమండీ, ఒక మాట అడగనా?"

గొడుగు చెయ్యి కోటు జేబులోకి వెళ్లింది. "అడగండమ్మా."

"ఆ మాష్టారు ఈ సీటు కోసం మొదటి రోజు నుంచీ మీ ప్రాణం తీశారు కదా. తీరా వంతు వచ్చాక వద్దన్నారేమిటి?"

గొడుగు ఆవిడ వైపు చూశాడు. ఆవిడ కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"మీరు ఇన్నాళ్లూ మాట్లాడలేదేమమ్మా?"

"ఎయిర్‌పోర్టులో మా ఆయన నాతో పోట్లాడి ఇంటికి వెళ్లిపోయారు. నోరు తెరిస్తే ఏడుపొస్తుందని ఊరుకున్నాను."

గొడుగు డ్రైవర్ అద్దంలోకి చూశాడు. బెంచీకి ముందు వరసలో కిటికీ దగ్గర బావ, ఆయన పక్కన ప్రిన్సిపాల్. ప్రిన్సిపాల్ చేతిలో షుగర్ రోగులు పొడుచుకునే ఇన్సులిన్ పెన్ను ఉంది. మూత తీస్తున్నాడు. ప్రతి ఉదయం రెండు చెంచాల చక్కెర అదనంగా వేయించుకున్న మనిషి.

గొడుగు మైకు తీసి బటన్ నొక్కాడు. "బావా, పక్కనున్నవాడి చెయ్యి పట్టుకోండి. ఇప్పుడే."

బావ కిటికీలోంచి కొండలు చూస్తూనే ఉన్నాడు. ఎర్ర చుక్క ఇయర్‌ఫోన్ ఆయన మెడలో వేలాడుతోంది. బావమరిది గొంతు వినడం ఇష్టంలేక పొద్దునే తీసేశాడు.

నడవ నిండా సంచులు. పరిగెత్తినా అందడు. కేకవేస్తే ప్రిన్సిపాల్ పొడిచేస్తాడు. పెన్ను బావ తొడ వైపు దిగుతోంది.

గొడుగు ఆవిడతో, "లేవండమ్మా," అన్నాడు. ఎందుకని అడగకుండా ఆవిడ లేచింది. అతను బటన్ వదిలి, అందరికీ వినబడేలా, ఏ టూర్ మేనేజరూ అనకూడని మాట అన్నాడు.

"ముందు సీటు ఖాళీ అయింది. ఇవాళ రొటేషన్ లేదు. ఎవరు ముందొస్తే వాళ్లదే!"

వెనక బెంచీ ఒక్కసారిగా లేచింది.

"అక్కా, నువ్వు పద!"

"ఒసేయ్, నా కొంగు తొక్కకు!"

"జరగండి మాష్టారూ! వద్దన్నది మీరేగా, అడ్డమెందుకు?"

పెద్ద తోడికోడలి చేతిసంచి ప్రిన్సిపాల్ మోచేతికి తగిలింది. సూది బావ తొడకు బెత్తెడు ఇవతల సీటు స్పంజిలో దిగింది. రెండో ఆవిడ మోకాలు ఆయన వీపున తగిలింది. మూడో ఆవిడ ఆయన పాదం తొక్కి, "అయ్యో, చూసుకోలేదండీ," అని మళ్లీ తొక్కింది. ప్రిన్సిపాల్ పెన్ను పీకి చెయ్యెత్తేసరికి నాలుగో ఆవిడ ఆ చేతిని ఊతంగా పట్టుకుని దాటింది. పెన్ను కింద పడింది. ఎవరి చెప్పు కిందో చిటుక్కుమంది.

ఈలోగా గొడుగు సీట్ల వీపుల మీదుగా అడుగులు వేసుకుంటూ వచ్చి ఆయన మీద దూకాడు. సంచికి కట్టే బెల్టు తీసి మణికట్లు బిగించాడు.

"నా మీద చెయ్యి వేస్తావా? కంప్లయింట్ ఇస్తాను," అన్నాడు ప్రిన్సిపాల్. అలవాటైపోయింది పాపం.

"ఇవ్వండి సార్. తీసుకోడానికి పైన మనుషులున్నారు."

సార్‌కు కళ్లు తిరిగాయని గొడుగు మైకులో చెప్పాడు. ఎవరూ వెనక్కి తిరగలేదు. ముందు సీటు పెద్ద తోడికోడలికి దక్కింది. మిగతా ముగ్గురూ ఆవిడతో మాట్లాడడం మానేశారు.

* * *

చెక్‌పోస్టు దగ్గర అంబులెన్స్ ప్రిన్సిపాల్‌ను తీసుకుపోయింది. గొడుగు రేకుల షెడ్డు వెనక నిలబడి పెద్దాయనకు ఫోన్ చేశాడు.

"గైడ్ అబద్ధం చెప్పింది సార్. వాళ్ల మనిషే."

"తేలిందన్నమాట," అన్నాడు పెద్దాయన. "మన టూర్ సంగతి ఆమెకు చెప్పింది నేనే. వాళ్లకు అందుతుందో లేదో చూడాలిగా. నీకు ముందే చెబితే నీ మొహంలో కనిపెట్టేసేది."

"అక్కడ కూర్చున్నది మా బావ సార్."

"క్షేమమేగా?"

గొడుగు ఫోన్ పెట్టేశాడు. షెడ్డు ముందు బావ రాతి గట్టు మీద కూర్చుని, వదిలి వచ్చిన లోయ వైపు చూస్తున్నాడు. తొడ మీద చేత్తో ఏదో కొలుస్తున్నట్టు వేళ్లు ఆడిస్తున్నాడు. ఆ కిటికీ కావచ్చు.

అక్క ఫోన్ చేసింది. బావ తెర మీద పేరు చూశాడు, ఎత్తాడు.

"ఆ. బాగానే ఉన్నాను. వస్తున్నాను. ఆ. సరే."

అంతే. ఎప్పుడూ గంట మాట్లాడే మనిషి ఫోన్ జేబులో పెట్టేసి బస్సెక్కాడు. గొడుగు పక్క సీటు ఖాళీగా ఉన్నా వెనక్కే వెళ్లి కూర్చున్నాడు.

ఒక్క నిమిషంలో గొడుగు ఫోన్ మోగింది.

"ఏరా తమ్ముడూ," అంది అక్క, "మీ బావకేమైందిరా? పొడిపొడిగా నాలుగు ముక్కలు మాట్లాడి పెట్టేశారు. నువ్వేమన్నా అన్నావా?"

గొడుగు ఒకసారి వెనక్కి చూసి, మళ్లీ రోడ్డు వైపు తిరిగాడు. ఈ ఫోన్ ఎవరెవరు వింటున్నారో అతనికి తెలుసు.

"నేనేం అంటానక్కా," అన్నాడు. "కొండగాలి పడలేదు."