వెలుగు దూరని కామియో

టేప్ తిరుగుతోంది.

"సార్, నేను రాధాకృష్ణని. అరిజోనాలో, చాండ్లర్ ఊళ్ళో, గ్యాస్ స్టేషన్ దగ్గర పే ఫోన్‌లోంచి మాట్లాడుతున్నాను. ల్యాబ్‌లో నా ఫైల్‌కి ఎవరో ఫొటోలు తీశారు. ఆ ఫిల్మ్ శనివారం న్యూయార్క్‌లో చేతులు మారుతోంది. న్యూజెర్సీ ఎడిసన్ నుంచి మన ఆడవాళ్ళ షాపింగ్ బస్సు ఒకటి ఇటాలియన్ షాపులకి వస్తోంది సార్. అందులో... కామియో బ్రోచ్..."

అక్కడ ఒక ఇంజన్ మోత. అది పెరిగింది. బ్రేకు వేసిన చప్పుడు మాత్రం లేదు. తర్వాత ఏదో బరువైనది నేలమీద పడింది. ఎవరో ఆడమనిషి ఇంగ్లీషులో కేకలు పెట్టింది.

కృష్ణమోహన్ టేప్ ఆపేశాడు. బయటి ప్రపంచానికి ఆయన న్యూయార్క్‌లో వాణిజ్య సలహాదారు. లోపలి ప్రపంచానికి మన గూఢచారుల చీఫ్.

"నిన్న మధ్యాహ్నం. ముప్ఫై ఏళ్ళ కుర్రాడు, మన ఉపగ్రహం ఇంజనీరు," అన్నాడు. "కారుతో గుద్ది చంపారు. అక్కడి పోలీసులు వార్త బయటికి రానివ్వలేదు. గుండెపోటని చెబుతున్నాం. అసలు సంగతి నీకూ నాకూ తప్ప మనవాళ్ళెవరికీ తెలియదు."

ఏజెంట్ విజయశ్రీ తలూపింది. "ఫిల్మ్‌లో ఏముంది సార్?"

"మన ఉపగ్రహానికి నేల మీదనుంచి ఆజ్ఞలు పంపే కోడ్. బంగాళాఖాతంలో వాయుగుండం లేస్తే ముందుగా చూసేది ఆ ఉపగ్రహమే. కోడ్ కొన్నవాడు దాని కళ్ళు మూసేయగలడు. కోడ్ మార్చడానికి మూడు వారాలు కావాలి. ఇది అక్టోబర్."

ఆమెకి ఇంకేమీ చెప్పనక్కర్లేదు. విజయశ్రీది దివిసీమ. తొమ్మిదేళ్ళ కిందటి ఉప్పెనలో వాళ్ళ ఊరికి ఏ కబురూ చేరలేదు. నీళ్ళే ముందు చేరాయి. తల్లినీ ఇద్దరు చెల్లెళ్ళనీ మూడు రోజుల తర్వాత, చీరల రంగులు చూసి గుర్తుపట్టింది.

"కొనేవాడు విక్టర్. నాలుగు పాస్‌పోర్టులున్న దళారి. వాడి ముఠాలో మన మనిషి ఒకామె ఉంది, నళిని. మన్‌హాటన్‌లో బొటీక్ నడుపుతుంది. ఆ బస్సులోనే వస్తుంది. బ్రోచ్ ఏదో ఆమె చూపిస్తుంది. నువ్వు కొనుక్కుని వచ్చెయ్."

ఆయన సొరుగులోంచి ఒక లిప్‌స్టిక్ తీసి ముందుకు తోశాడు. "ఒకసారి తిప్పితే రంగు. రెండోసారి తిప్పితే ఎదుటివాడికి పది నిమిషాలు కళ్ళు కనపడవు. కంగారులో పెదాలకి పూసుకోకు."

"రివాల్వర్?"

"ఇవ్వను. ఇది మన గడ్డ కాదు."

* * *

శనివారం పొద్దున ఎడిసన్‌లో బస్సెక్కిన విజయని ఆ చీఫ్ కూడా పోల్చుకోలేడు. లావుపాటి కళ్ళద్దాలు, బిగించి అల్లిన జడ, నలిగిన నేతచీర, చేతిలో ప్లాస్టిక్ బుట్ట. కొత్తగా వచ్చిన ఇంజనీరు భార్యనని చెప్పింది. మహిళా మండలి వాళ్ళు ఇరవై ఇద్దరూ క్షణంలో నమ్మేశారు.

మండలికి పెద్ద దిక్కు కోటమ్మ. కొడుకు డాక్టరు. ఆమెది తెనాలి దగ్గర పల్లెటూరు. న్యూయార్క్‌కి వెళ్ళే నదికింది సొరంగం దాటేలోపే అందరికీ పులిహోర పొట్లాలు పంచేసింది.

"ఏమ్మాయ్ విజయా, ఆ ఇటలీ వాళ్ళ పనితనం చూడాలిగానీ చెబితే తెలిసేది కాదు. గాజు ఊదుతారు, పళ్ళేలకి పూలు రాస్తారు, శంఖాల మీద మొహాలు చెక్కుతారు. అన్నీ చేతిపనే. బేరం మాత్రం నన్ను చెయ్యనివ్వు. నువ్వు నోరు తెరవమాక."

"అట్లాగే పిన్నిగారూ."

ముందు సీట్లో నళిని కాలు మీద కాలు వేసుకుని కూర్చుంది. నల్ల కళ్ళద్దాలు, నెమలికంఠం రంగు షిఫాన్ చీర, బాబ్డ్ హెయిర్. బస్సులో సగం మంది ఆమె చీర వైపు, మిగతా సగం ఆమె జాకెట్టు వైపు చూస్తున్నారు. పమిట మీద ఒక కామియో బ్రోచ్ ఉంది. గోధుమరంగు శంఖపు పెంకు మీద తెల్లగా చెక్కిన ఒక స్త్రీ తల.

ఇటాలియన్ల పేటలో, మల్బెరీ స్ట్రీట్ పక్క సందులో జొవాని అనే ముసలాయన దుకాణం. ఇటలీనుంచి ఏడాదికోసారి దిగే సరుకు ఆ వారమే వచ్చింది. లోపల మురానో గాజు కుండీలు, బురానో లేసులు, సొరెంటో చెక్కపెట్టెలు. మండలి వాళ్ళు నాలుగు వైపులా విరుచుకుపడ్డారు.

పళ్ళేల వరస దగ్గర నళిని పక్కకి వచ్చింది.

"ఈ పళ్ళేలు కడిగితే రంగు పోతుందేమో?"

అది గుర్తుమాట. విజయశ్రీ పళ్ళెం తిప్పి చూస్తూ జవాబిచ్చింది.

"చింతపండుతో తోమితేనే పోతుంది."

నళిని పెదాలు కదలకుండా మాట్లాడింది. "వెల్వెట్ ట్రే. మూడో వరస, ఎడమనుంచి రెండోది. ఫిల్మ్ దాని వెనక ఉంది. విక్టర్ నాలుగింటికి వస్తాడు. ఈలోపు కొనుక్కుని వెళ్ళిపో. బస్సు కోసం ఆగకు."

ట్రే దగ్గర జొవాని కోటమ్మకి పాఠం చెబుతున్నాడు. ఒక కామియోని కిటికీ వెలుతురుకి ఎత్తి పట్టాడు. శంఖపు పెంకులోంచి ఎండ నారింజరంగులో కారింది. చెక్కిన ముక్కు, జడ అన్నీ వెలిగాయి.

"చూశావా అమ్మాయ్? అసలైన శంఖమైతే వెలుతురు దూరుద్దంట. ప్లాస్టిక్ అయితే చీకటేనంట," కోటమ్మ తన బుట్టలో ఎనిమిదోది వేసుకుంది. ఆమెకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు రాదు. ఇద్దరికీ అన్నీ అర్థమవుతున్నాయి.

విజయశ్రీ నళిని చెప్పిన బ్రోచ్ కొనేసి బయటికి నడిచింది. మూలమీద పే ఫోన్ ఉంది. నళిని వెనకే వచ్చి పక్కన నిలబడింది.

"సరుకు చేతిలో ఉంది సార్."

అటువైపు కృష్ణమోహన్ గొంతు నీరసంగా ఉంది. "అక్కడే వదిలేసి బస్సెక్కు విజయశ్రీ. ఢిల్లీనుంచి ఫోనొచ్చింది. అమెరికాలో మన ఏజెంటు దొరికితే దేశం పరువు పోతుందిట. మిషన్ క్యాన్సిల్."

"మరి రాధాకృష్ణ సంగతేంటి సార్?"

"అతను పోయాడు. ఇది ఆర్డర్."

విజయశ్రీ కళ్ళముందు బురదలో చీరల రంగులు కదిలాయి. ఆర్డర్లు ఇచ్చేవాళ్ళు ఎప్పుడూ ఎత్తైన మేడల్లోనే ఉంటారు. నీళ్ళు అక్కడిదాకా రావు.

"సార్, లైను బాగాలేదు. మీరన్నది ఒక్క ముక్కా వినపడలేదు," అని ఫోన్ పెట్టేసింది.

రిసీవర్‌లోంచి మాటలు విన్న నళిని నవ్వింది. "పిచ్చిదానా! క్యాన్సిల్ అన్నారు కదూ? ఎండలో గ్యాస్ స్టేషన్ దగ్గర కారు కింద పడి చచ్చినవాడి కోసం ఉద్యోగం పోగొట్టుకుంటావా?"

విజయశ్రీ బుట్ట సర్దుకుంటున్నట్టు తల వంచింది.

గుండెపోటు. నళినికి చెప్పింది గుండెపోటనే. గ్యాస్ స్టేషన్ సంగతి తెలిసింది చీఫ్‌కి, తనకి. ఇంకా చంపినవాళ్ళకి.

"నువ్వన్నది నిజమే. బస్సెక్కుతాను," అంది మెల్లిగా. నళిని వాచీ చూసుకుని దుకాణం వైపు వెళ్ళింది. నాలుగుకి పది నిమిషాలు.

ఆమె అటు తిరగగానే విజయశ్రీ తన బ్రోచ్ ఎండకి ఎత్తిపట్టింది. నారింజరంగు వెలుగు నిండుగా దూరింది. వెనక ఫిల్మూ లేదు, ఏమీ లేదు. తనని ముందుగా పంపించేయడానికి వేసిన ఎర.

మరి ఫిల్మ్ ఎక్కడుంది? పొద్దుటినుంచీ నళిని పమిట మీదే ఉంది!

సందు మొదట్లో వెండిరంగు కారు ఒకటి వచ్చి ఆగింది. అరిజోనా నంబర్ ప్లేటు. ముందు బంపర్ ఎడమవైపు లోపలికి నొక్కుకుపోయి ఉంది. వెనక సీట్లోంచి పొడుగాటి మనిషి దిగాడు. కుడిచేతి మీద రెయిన్‌కోటు. ఆకాశంలో మబ్బు తునక లేదు.

విక్టర్.

చేతిలో రివాల్వర్ లేదు. వెనక డిపార్ట్‌మెంట్ లేదు. విజయశ్రీ గట్టిగా ఊపిరి పీల్చి, పల్లెటూరి గొంతుతో సందు దద్దరిల్లేలా అరిచింది.

"పిన్నిగారూ! నళిని బ్రోచ్‌కి వెలుతురు దూరట్లేదండీ! ఎవరో ప్లాస్టిక్‌ది అంటగట్టారు!"

కోటమ్మ గుమ్మంలోంచి దూసుకొచ్చింది. ఆమె వెనక మండలి మొత్తం.

"మన పిల్లని మోసం చేస్తారా? ఏదీ, ఇటు తే!" నళిని వెనక్కి తగ్గేలోపే కోటమ్మ పిన్ను ఊడదీసి బ్రోచ్ ఎండకి పట్టింది. నల్లగా ఉంది. చిన్న చుక్క వెలుతురైనా రాలేదు. "అయ్యో అయ్యో! చీకటే! వెనకాల ఏందో రేకు అతికించారే!"

"గిదేందక్కా, గింత మోసమా?" అంది పక్కనుంచి వరంగల్ బాలమణి.

"ఆంటీ, ప్లీజ్, ఇచ్చేయండి," నళిని చెయ్యి చాపింది.

"లేడీస్, అది నాది." విక్టర్ రెయిన్‌కోటు కొద్దిగా పక్కకి తొలిగింది. నల్లటి గొట్టం కనిపించింది.

అందరూ బిగుసుకుపోయారు, కోటమ్మ తప్ప. ఆమె బ్రోచ్‌ని పిడికిట్లో బిగించింది.

"తుపాకీ చూపిస్తన్నావా? ఆడవాళ్ళకా? నేనియ్యను. కాల్చుకో!"

నళిని ఆమె చెయ్యి మెలిపెట్టి బ్రోచ్ లాక్కుని విక్టర్ వైపు విసిరింది. వాడు ఎడంచేత్తో అందుకున్నాడు. ఆ క్షణంలోనే విజయశ్రీ లిప్‌స్టిక్ తీసి రెండుసార్లు తిప్పింది. సన్నటి తుంపర వాడి కళ్ళలో పడింది. తుపాకీ పేలింది. బాలమణి సంచిలో పళ్ళెం భళ్ళున పగిలింది. వాడు కళ్ళు మూసుకునే, తడుముకుంటూ కార్లో పడ్డాడు. తుపాకీ రోడ్డు మీద ఉండిపోయింది, బ్రోచ్ వాడితోపాటు కార్లోకి వెళ్ళిపోయింది.

డ్రైవర్ ఇంజన్ మోత పెంచాడు.

ఆ మోత విజయశ్రీకి తెలుసు. టేప్‌లో విన్నది అదే. కాళ్ళు పక్కకి తప్పుకోమన్నాయి. ఆమె నడిరోడ్డు మీదికి వెళ్ళి కారుకి ఎదురుగా నిలబడింది. కళ్ళద్దాలు తీసి విసిరేసింది.

"గుద్దు," అంది.

కారు కదిలింది. ఆమె కదల్లేదు. పక్కన ఎవరో వచ్చి ఆనుకున్నట్టయింది. కోటమ్మ.

"తప్పుకోండి పిన్నిగారూ! వాడు నిజంగా గుద్దేస్తాడు!"

"గుద్దనియ్! ఒక్కదానివే నిలబడతావా?"

తర్వాత బాలమణి వచ్చింది. ఆ తర్వాత ఎవరెవరు వచ్చారో విజయశ్రీ చూడలేదు. సందు ఈ గోడనుంచి ఆ గోడదాకా చీరలు నిండిపోయాయి. చేతిలో చెయ్యి వేసుకుని నిలబడ్డారు. చాండ్లర్‌లో ఆ డ్రైవర్ గుద్దింది ఒంటరివాణ్ణి, వెనకనుంచి. ఇక్కడ ఇరవైకి పైగా మొహాలు అతన్ని సూటిగా చూస్తున్నాయి.

పది అడుగులు. ఆరు. మూడు.

డ్రైవర్ చేతులు తడబడ్డాయి. చక్రం పక్కకి తిరిగింది. కారు పేవ్‌మెంట్ ఎక్కి దీపస్తంభానికి గుద్దుకుని ఆగింది. విజయశ్రీ కిటికీలోంచి చెయ్యి పెట్టి, విక్టర్ వేళ్ళు ఒక్కొక్కటే విడదీసి బ్రోచ్ తీసుకుంది. నళిని పరిగెత్తబోయింది. బాలమణి ఆమె పమిట చెంగు అప్పటికే తన నడుముకి ముడేసుకుంది.

జొవాని పిలిచిన పోలీసులు వచ్చేసరికి, రేకూ ఫిల్మూ విజయశ్రీ జడలో ఉన్నాయి. బ్రోచ్ మాత్రం బుద్ధిగా వాళ్ళకి అప్పజెప్పింది. బంపర్ మీది నొక్కు చూపించి, చాండ్లర్‌కి ఒక ఫోన్ చేయమని వాళ్ళకి వినయంగా సలహా ఇచ్చింది.

* * *

సోమవారం కృష్ణమోహన్ బల్లమీద ఫిల్మ్ ఉంది. దాని పక్కన ఢిల్లీనుంచి వచ్చిన రెండు టెలెక్స్‌లు ఉన్నాయి. ఒకదాంట్లో అభినందనలు. రెండోదాంట్లో, ఆజ్ఞ ధిక్కరించినందుకు సంజాయిషీ ఇమ్మని తాఖీదు.

"ఏమని రాస్తావు?"

"లైను బాగాలేదని రాస్తాను సార్. రాధాకృష్ణ వాళ్ళమ్మగారికి మాత్రం నిజం రాస్తాను. గుండెపోటు అబద్ధం ఆవిడకి చెప్పనివ్వను."

ఆయన తెల్ల కాగితం ఒకటి ఆమె ముందుకి తోశాడు. "రాయి," అన్నాడు. తర్వాత గొంతు సవరించుకున్నాడు. "అయినా డిసిప్లిన్ అంటూ ఒకటుంది. నీకు ఏదో ఒక శిక్ష వేయక తప్పదు."

విజయశ్రీ లేచి చీర కుచ్చిళ్ళు సర్దుకుంది.

"నిన్న సాయంత్రం మహిళా మండలి వాళ్ళు నన్ను ఏకగ్రీవంగా సెక్రటరీని చేశారు సార్. అంతకన్నా పెద్ద శిక్ష మీ రూల్స్ పుస్తకంలో ఉంటే వెతికి పెట్టండి."