సుబ్బక్క పడుగు

మధ్యాహ్నం రెండింటికి శివపార్వతి అద్దం ముందు నిలబడి కొత్త పట్టు పావడా చూసుకుంటోంది. రేపు బడి వార్షికోత్సవం. డాన్స్ ప్రాక్టీసు ఉందనే వంకతో అందరితోపాటు పక్కూరి పెళ్లికి పోకుండా ఇంట్లో ఉండిపోయింది.

ఆ నేతగాళ్ల వీధి ఖాళీగా ఉంది. పొద్దున్నే అందరూ చేయి వేసి, ఎదురింటి సుబ్బక్క పడుగును వీధి పొడవునా సాగదీసి గంజి పట్టించారు. చీరలో నిలువుగా పోయే ఆ వేల పోగులు ఎండలో ఆరుతుంటే, వాళ్లు పెళ్లికి బస్సెక్కారు. సుబ్బక్క ఒక్కతే కాపలా. నా అన్నవాళ్లు లేని ఆమెకు ఆ మగ్గమే అన్నం పెట్టాలి.

ఉన్నట్టుండి గాలి లేచింది. వీధిలోంచి సుబ్బక్క కేకేసింది.

"శివా! మోడం కమ్ముకొస్తాండాది. బిరీన రామ్మే, ఆ పక్క పట్టుకుందువు!"

పడుగు చుట్టాలంటే రెండు చివర్లా మనిషి ఉండాలి. ఎవరి పడుగైనా సరే, మబ్బు పడితే అన్నం ముందు నుంచైనా లేచి పరుగెత్తాల్సిందే. ఆ వీధిలో పసిపిల్లలకు కూడా ఇది తెలుసు.

శివ గడప దాకా వచ్చింది. పావడా వంక చూసుకుంది. గంజి అంటుకుంటే? తడిస్తే? తలుపు మెల్లగా మూసేసి, ఫోన్లో పాట సౌండు పెంచింది.

"శివా! ఓ శివా!"

ఈసారి చెవులు మూసుకుంది.

ఏడాదంతా ఎదురుచూసినా రాని వాన ఆ రోజే రావాలా! కురిసింది పావుగంటే. శివ తలుపు తీసేసరికి పడుగు కర్రలతో సహా బురదలో పడి ఉంది. గంజి కరిగి పోగులు అంటుకుపోయాయి. చాలా తెగిపోయాయి. వాటి మధ్య సుబ్బక్క చతికిలబడి ఉంది. ఏడవడం లేదు. అది చూసి శివకు మరీ భయమేసింది.

సాయంత్రం, నూలు ఇచ్చిన షావుకారు రామలింగప్ప వచ్చాడు. పెళ్లి నుంచి తిరిగొచ్చిన వాళ్లంతా గుమిగూడారు.

"మోడం చూసి చుట్టుకోవద్దా? నిద్రపోయినావా? ఇంగ నీకు నూలు ఇయ్యను. మగ్గం ఇప్పి పెట్టుకో."

"నాదే తప్పప్పా," అంది సుబ్బక్క.

శివ అమ్మ పక్కన నిలబడి ఉంది. సుబ్బక్క తన పేరు చెప్పలేదు. కనీసం ఇటు చూడలేదు. చెప్పేసినా బాగుండేది. శివకు సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

"అత్త నిద్రపోల్యా," అంది గట్టిగా. "నన్ను రెండుమార్లు పిలిచింది. నాకు ఇనపడింది. పావడా తడుస్తాదని నేనే తలుపేసుకున్యా."

అమ్మ ముఖం పాలిపోయింది. రామలింగప్ప బురద పట్టిన పడుగును కాసేపు చూశాడు.

"ఎవురి తప్పైతే ఏమి, నూలు పాయె గదా! సోమవారం వస్తా. ఎంత బాగవుతాదో చూసి నూలు సంగతి చెప్తా," అని బండెక్కాడు.

మర్నాడు పొద్దున బడి ఆటో వీధిలో ఆగింది. లోపల్నుంచి, శివతో డాన్స్ చేయాల్సిన మెహనాజ్ తొంగి చూసింది.

"శివా, డాన్స్‌కు రావా?"

"రాను. మీరు పోండి."

శివ సుబ్బక్క అరుగు మీద పడుగు ముందేసుకుని కూర్చుని ఉంది. వేళ్లు అప్పటికే మండుతున్నాయి. సుబ్బక్క ఆమెతో ఇంకా ఒక్క మాటైనా మాట్లాడలేదు. శివ తెగిన పోగు ఇంకొకటి తీసుకుని అతకసాగింది.