ఎండ గీసిన ముఖం

నీలధార రాజ్యానికి పెద్ద కష్టం వచ్చిపడింది. రాకుమారి హేమాంగి మాట వినిపిస్తుంది, గాజుల చప్పుడు వినిపిస్తుంది, మనిషి మాత్రం ఎవరికీ కనిపించదు. తనను పెళ్లాడనన్నదన్న కోపంతో అంజనకేతుడనే రాక్షసుడు పెట్టిన శాపమది. అద్దంలో ఆమెకు ఆమే కనిపించదు. ఆమె అసలు రూపాన్ని ఆమెకు చూపిస్తేనే శాపం విడుతుంది. పౌర్ణమినాటి పొద్దు గుంకితే ఆమె గాలిలో కలిసిపోతుంది. ఆస్థాన చిత్రకారులు చందమామలాంటి ముఖాలెన్నో గీసి తెచ్చారు. ఒక్కటీ పనిచేయలేదు.

ఇక నాలుగు రోజులే గడువు ఉందనగా కుందన అనే అమ్మాయి రాజు ముందుకొచ్చింది. ఆమె వెలుగుబొమ్మల పాఠశాల విద్యార్థిని. ఎండ చేత బొమ్మలు గీయించే పాతకాలపు పద్ధతులన్నీ వెతికి వెతికి నేర్చుకునేది. "ఈ పాత చింతకాయ పచ్చడి నీకెందుకే?" అని తోటివాళ్లు ఆటపట్టించినా లెక్కచేసేది కాదు.

"మహారాజా, రాకుమారి నడుస్తుంటే నేలమీద నీడ పడుతోంది. శాపం మన కళ్లకే తగిలింది, ఎండకు తగల్లేదు! ఎండ చేతే ఆమె బొమ్మ గీయిస్తాను," అంది కుందన.

రాజు వెంటనే అనుమతిచ్చాడు. కుందన అడవి దాటి, ఎండబొమ్మల మర్మం తెలిసిన చిత్రభాను మునిని కలుసుకుంది.

"పూలరసం పూసిన కాగితం మీద బొమ్మ దిగాలంటే ఏడు రోజులు పడుతుంది తల్లీ," అన్నాడు ముని. "వెండిపలక మీదైతే ఘడియలో దిగుతుంది. వెండికొండకు వెళ్లు."

వెండికొండకు కాపలా రెండు తలల గండభేరుండం. "కుంచె ముట్టకుండా నా ఈక బొమ్మ చెయ్యి. చేతకాకపోతే మింగేస్తాను," అంది.

కుందన సంచిలోంచి మందు పూసిన కాగితం తీసింది; ముఖాలకు పనికిరాకపోయినా, పైన పెట్టిన వస్తువు అచ్చు దాని మీద ఇట్టే దిగుతుంది. దానిమీద ఈకను పెట్టి ఎండలో ఉంచి, సెలయేట్లో కడిగింది. నీలి కాగితం మీద తెల్లటి ఈక పోగుపోగునా తేలింది. రెండు తలలూ ఒకదాన్నొకటి తోసుకుంటూ చూసి మురిసిపోయాయి. పక్షి రెండు వెండిపలకలు ఇచ్చి పంపింది.

తిరుగుదారిలో అంజనకేతుడు అడ్డంగా నిలబడ్డాడు. కుందన భయం పైకి తేలనివ్వకుండా చేతులు జోడించింది.

"అబ్బ, ఏం మీసమండీ! బొమ్మ దించనివ్వరా? వెయ్యి లెక్కపెట్టేదాకా కదలకండి. కదిలారో, మీసం చెదిరిపోతుంది!"

ఖాళీ బుట్టకు నల్లగుడ్డ కప్పి, అదే బొమ్మ దించే పెట్టె అన్నట్టు ఎదురుగా పెట్టి ఆమె మెల్లగా జారుకుంది. రాక్షసుడికి వంద దాటి లెక్క రాదు. మళ్లీ మళ్లీ ఒకటి నుంచి మొదలుపెడుతూ అక్కడే బిగుసుకుపోయాడు.

పౌర్ణమినాటి మధ్యాహ్నానికి కుందన కోట చేరింది. రాకుమారిని ఎండలో కూర్చోబెట్టి మొదటి పలక మీద బొమ్మ దించింది. ఎడమ చెంప మీద పెద్ద కాలిన మచ్చ కనిపించింది. బొమ్మ ఇచ్చేముందు మచ్చలు చెరిపి నునుపు చేయడం పాఠశాలలో మర్యాద. అలవాటుపడిన చెయ్యి ఆ పని చేసేసింది.

హేమాంగి పలక చూసి తిరిగి ఇచ్చేసింది. "ఎవరమ్మా ఈ అమ్మాయి? నాకు తెలియదు."

కుందన సిగ్గుతో చచ్చిపోయింది. "తప్పు నాది, రాకుమారీ. ఎండ ఉన్నదున్నట్టే గీసింది, నేనే చెడగొట్టాను. ఇంకొక్కసారి కూర్చోండి."

పొద్దు కోటగోడ మీదికి వాలింది. చాలని వెలుగులో రాకుమారి చాలాసేపు ఊపిరి బిగబట్టి కూర్చుంది. ఈసారి కుందన దేన్నీ దిద్దలేదు.

"ఇది నేనే!" అని కేకేసింది హేమాంగి. "ఏనుగులశాల తగలబడినప్పుడు గున్నను లాక్కొచ్చానే, అప్పుడు కాలిన చెంప! నాన్నగారూ, చిత్రకారుల చేత దీన్నెందుకు దాయించారు?"

ఆ మాటతోనే ఆమె అందరికీ కనిపించింది. శాపం తిరగబడి, అడవిలో రాక్షసుడు మసై రాలిపోయాడు. రాజు కూతురి చెంప నిమిరి, "నా తెలివితక్కువతనం తల్లీ," అని కన్నీళ్లు పెట్టుకున్నాడు.

మరునెలలో హేమాంగికి పట్టాభిషేకం జరిగింది. కుందనను పాఠశాలకు పెద్దను చేసి, అంబారీ మీద తన పక్కనే కూర్చోబెట్టుకుంది కొత్త రాణి. ఆ ఊరేగింపు చూడవచ్చిన నగరం పిల్లలంతా ఎడమ చెంపల మీద కుంకుమతో పెద్ద మచ్చ దిద్దుకుని, తలలెత్తుకుని నిలబడ్డారు.